మోటార్ న్యూరాన్ వ్యాధి: మెడపట్టీల మూల్యాంకనం

మోటార్ న్యూరాన్ వ్యాధిలో కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా క్షీణిస్తాయి. మెడ కండరాలు బలహీనపడితే తల ముందుకు వాలిపోతుంది. మాట్లాడటం, మింగడం, ఎదుటివారి ముఖం చూడటం కష్టమవుతాయి. గట్టి మెడపట్టీలు ప్రధానంగా గాయపడిన మెడను కదలనీయకుండా ఉంచడానికి ఉద్దేశించినవి. అవి దవడ కదలికనూ అడ్డుకుంటాయి. మెత్తని పట్టీలు తల బరువును తగినంతగా ఆపలేవు. ఈ కొరతను గుర్తించిన ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు రోగులతో కలిసి ‘హెడ్‌అప్’ పట్టీని రూపొందించారు. అందులో వస్త్రపు పట్టీకి అవసరమైన చోట ఆధారాలను అమర్చుకోవచ్చు, తొలగించుకోవచ్చు.

కావున కదలికను ఎంత నిరోధించిందన్నది మాత్రమే మూల్యాంకనానికి ప్రమాణం కాజాలదు. నొప్పి తగ్గిందా, భోజనం సాగిందా, శ్వాసకు, చర్మానికి ఇబ్బంది కలిగిందా, రోగి దానిని ఎంతసేపు ధరించగలిగారు అన్న అంశాలను పరిశీలించాలి. వ్యాధి ముదిరేకొద్దీ ఈ సమాధానాలు మారతాయి. అందువల్ల పరిశీలన ఒక్కసారితో ముగియరాదు.