డిస్క్ శాండర్ సెట్టింగ్: ఫ్రేమ్ నాలుగో మూల ఎందుకు కలవలేదు?

నిజం చెప్పాలంటే ఈ ఎపిసోడ్ నేను ప్లాన్ చేసుకున్నది కాదు. మా తాతయ్య వాళ్ల పెంకుటిల్లు కూల్చినప్పుడు ద్వారబంధం తాలూకు టేకు చెక్క కొంచెం మిగిలింది. దాంతో తాతయ్య, నానమ్మల ఫొటోకి ఫ్రేమ్ చేసిస్తానని నాన్నకి మాటిచ్చాను. ఉన్న చెక్క సరిగ్గా రెండు ఫ్రేములకి వస్తుంది. అందులో మొదటిది పాడు చేసేశాను. మూడు మూలలు చక్కగా కూర్చున్నాయి, నాలుగోది నోరు తెరిచింది. మా వీధి చివర వడ్రంగి మేస్త్రీ గారికి చూపిస్తే ఒకటే మాట అన్నారు: "నాలుగో మూల ఏం చేసింది బాబూ, మిగతా వాటి తప్పు కూడా దాని నెత్తినే పడింది."

లెక్క వేస్తే ఆయన చెప్పిందే కరెక్ట్. ఫ్రేమ్‌లో 4 ముక్కలు, అంటే 8 చివర్లు. ఒక్కో చివర 45 డిగ్రీలకి బదులు 44.5 వచ్చిందనుకోండి. అర డిగ్రీయే కదా అనిపిస్తుంది. కానీ 8 అరలు కలిస్తే 4 డిగ్రీలు. చెక్క వెడల్పు 50 మిల్లీమీటర్లు అయితే ఆఖరి మూలలో దాదాపు 5 మిల్లీమీటర్ల సందు! పుట్టీ పెట్టి కప్పేద్దామన్నా కప్పలేం.

తప్పు మిషన్‌ది కాదు, నాది. 12 అంగుళాల డిస్క్ శాండర్‌ని బాక్స్‌లోంచి తీసి, ప్లగ్ పెట్టి వాడేశాను. మన భాషలో చెప్పాలంటే టెస్టింగ్ చెయ్యకుండా డైరెక్ట్‌గా ప్రొడక్షన్‌కి పంపేశాను.

తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో: మోటారుకి ఒక గుండ్రటి లోహపు పళ్లెం, దాని మీద ఉప్పు కాగితం, ముందు ఒక బల్ల. బల్ల మీద ఒక గాడి ఉంటుంది. కోణం పెట్టుకునే మైటర్ గేజ్ ఆ గాడిలో జారుతుంది. రంపంతో కోసిన చివరని దీని మీద వెంట్రుక వాసి చొప్పున అరగదీసుకోవచ్చు. అయితే బల్ల, గాడి, గేజ్ మూడూ డిస్క్‌తో సరిగ్గా ఉంటేనే.

ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, పీకేయండి. తర్వాత ఉప్పు కాగితం కూడా తీసేయాలి. ఇక్కడే నేను మొదటిసారి బోల్తా పడ్డాను. కాగితం మీద మూలమట్టం ఆనిస్తే అది గరుకు రేణువుల మీద కూర్చుంటుంది, ప్రతిసారీ ఒక్కో రీడింగ్ ఇస్తుంది. ఉత్త లోహం మీదే కొలవాలి. అంటించిన కాగితం ఊడి రాకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేయండి, జిగురు మెత్తబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఏ డిస్కూ పూర్తి చదునుగా తిరగదు, కొంచెం ఊగుతుంది. కాబట్టి డిస్క్ ముందు అంచు దగ్గర ఒకసారి, వెనక అంచు దగ్గర ఒకసారి కొలిస్తే, తేడా గాడి వల్ల వచ్చిందా, ఊగడం వల్ల వచ్చిందా తెలీదు. రెండు బగ్గులు కలిసిపోయాయన్నమాట. దీనికి ఉపాయం చాలా సింపుల్. డిస్క్ అంచు దగ్గర మార్కర్‌తో ఒక చుక్క పెట్టండి. గేజ్‌కి ఒక చెక్క ముక్క బిగించి, దాని చివర ఒక స్క్రూ ఎక్కించండి. చుక్కని ముందుకి తెచ్చి, స్క్రూ తల దానికి తగిలీ తగలనట్టు సెట్ చేయండి. తర్వాత డిస్క్‌ని చేత్తో తిప్పి అదే చుక్కని వెనక్కి తీసుకెళ్లండి, గేజ్‌ని కూడా గాడిలో వెనక్కి జరపండి. కొలిచేది రెండుసార్లూ అదే చుక్క కాబట్టి ఊగడం లెక్కలోంచి పోతుంది. ఇంకా తేడా ఉంటే అది గాడిదే. సందు ఎంతుందో ఫీలర్ గేజ్‌తో చూడొచ్చు, లేకపోతే మామూలు కాగితం ముక్క జొనిపినా తెలుస్తుంది.

నాకు వెనక వైపు నాలుగు కాగితాలు పట్టేంత సందు వచ్చింది. బల్ల కింద బోల్టులు వదులు చేసి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి సరిచేశాను. బిగించాక మళ్లీ కొలవండి, ఎందుకంటే బిగించేటప్పుడు బల్ల జరుగుతుంది. నాకు మూడు సార్లు జరిగింది, మూడోసారికి కొంచెం తిట్టుకున్నాను కూడా.

గాడి ఇంత ముఖ్యమా అంటే, అవును. గాడి వంకరగా ఉంటే ముక్కని ఒకే చోట ఆనించినప్పుడు ఒక కోణం వస్తుంది, అటూ ఇటూ జరిపితే ఇంకో కోణం వస్తుంది. నిన్న బాగా వచ్చింది, ఇవాళ ఎందుకు రాలేదని జుట్టు పీక్కునేది ఇందుకే.

తర్వాత బల్ల 90 డిగ్రీలకి ఉందో లేదో చూడాలి. దానికి ముందు మీ మూలమట్టాన్నే అనుమానించండి. తిన్నని అంచున్న పలక మీద దాంతో ఒక గీత గీసి, బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకటైతే అది మంచిది, విడిపోతే దాన్ని పక్కన పెట్టేయండి. మంచిదాన్ని బల్ల మీద నిలబెట్టి డిస్క్‌కి ఆనించి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేయండి. వెలుతురు ఎక్కడా రాకూడదు. డిస్క్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. బల్ల పక్కనున్న డిగ్రీల స్కేలుని నేనైతే నమ్మను. బల్లకీ కాగితానికీ మధ్య సందు ఒకటిన్నర మిల్లీమీటరు దాటకుండా చూసుకోండి, లేదంటే చిన్న ముక్కలు అందులోకి లాక్కుపోతాయి, వాటి వెనకే మీ వేలు.

ఇక 45. గేజ్ మీద అంకె చూసి ఆగిపోవద్దు. రెండు చెత్త ముక్కల చివర్లు అరగదీసి, ఒకదాన్ని బోర్లించి మూలగా కలిపి, లోపల మూలమట్టం పెట్టండి. కనిపించే తేడా అసలు తప్పుకి రెట్టింపు, కాబట్టి గేజ్‌ని అందులో సగమే జరపాలి. ఎదురెదురు ముక్కల పొడవు కూడా సమానంగా ఉండాలి. అందుకే గేజ్‌కి ఒక అడ్డు ముక్క బిగించి, రెండింటినీ దానికే ఆనించి అరగదీయండి.

వాడేటప్పుడు డిస్క్ కిందికి తిరిగే వైపే పని చేయండి. పైకి తిరిగే వైపు అది ముక్కని ఎత్తి విసిరేస్తుంది. 12 అంగుళాల డిస్క్ 1440 ఆర్‌పీఎంలో తిరిగితే అంచు దగ్గర వేగం సెకనుకి దాదాపు 23 మీటర్లు, మధ్యలో సున్నా. గట్టిగా నొక్కితే చెక్క మాడుతుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి కాగితం త్వరగా పూడుకుపోతుంది. పాత క్రేప్ సోల్ బూటు ఉంటే తిరిగే డిస్క్‌కి మెల్లగా ఆనించండి, పొట్టు ఊడొస్తుంది. గ్లవ్స్ వద్దు, వేలాడే చేతులు, చున్నీలు అసలే వద్దు. ఎన్95 మాస్క్ మాత్రం తప్పనిసరి. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన ఐఏఆర్‌సీ ఎప్పుడో తేల్చింది.

సెట్టింగ్ అయ్యాక కూడా టేకు ముట్టుకోలేదు. ముందు వేప చెక్కతో ఒక ఫ్రేమ్ చేశాను. నాలుగు మూలలూ కలిశాయి. అందులో అమ్మ అప్పుడే వెంకటేశ్వరస్వామి పటం పెట్టేసుకుంది. టేకు ముక్కలకి నిన్న రాత్రి ఫెవికాల్ పెట్టాను, క్లాంపులు రేపు పొద్దున్న నాన్న ముందే విప్పుతాను.