అయిదో తీగ మోగింది!

మనిషంత ఎత్తుండే డబుల్ బాస్‌కీ ఒళ్లో ఇమిడిపోయే మాండలిన్‌కీ ఏమిటి పోలిక? రెండూ ఒకప్పుడు వెనక వరుసలో ఉండిపోయిన వాద్యాలే. వాటిని వేదిక ముందుకు తెచ్చినవాళ్లు ఇద్దరూ మొట్టమొదట పట్టించుకున్నది... తీగల్ని!

అర్ధవీడు మండలంలో కాకర్ల అనే ఊరుంది. బేస్తవారిపేట, కంభం, మార్కాపురం వాళ్లకి ఆ పేరు వినగానే వెలిగొండ ప్రాజెక్టు గుర్తొస్తుంది. జలాశయం కోసం కొండల మధ్య ఆనకట్టలు కట్టిన మూడు చోట్లలో కాకర్ల ఒకటి మరి! సంగీతం తెలిసినవాళ్లకి మాత్రం త్యాగరాజు గుర్తొస్తాడు. ఆయన 1767లో తిరువారూరులో పుట్టాడు, తిరువయ్యారులో జీవితం గడిపాడు. ఇంటిపేరు మాత్రం కాకర్ల. ఆయన పూర్వీకులు ఈ ప్రాంతం నుంచే తంజావూరు సీమకి వెళ్లారు. శ్యామశాస్త్రి పూర్వీకులదీ కంభం వైపేనంటారు.

ఆ కృతులు గొంతు కోసం పుట్టినవి. వాటిని వాద్యం మీద పలికించాలంటే వాద్యం కూడా పాడాల్సిందే. ఒక స్వరం దగ్గర ఆగి, ఊగి, జారి, పక్క స్వరాన్ని తాకి రావాలి. దాన్నే గమకం అంటాం. వీణ మీద తీగని మెట్టు మీదే పక్కకి లాగి గమకం పలికిస్తారు. వయొలిన్‌కి అసలు మెట్లే లేవు కాబట్టి వేలు ఎటైనా జారుతుంది. మరి మాండలిన్ సంగతి?

అదే వచ్చింది చిక్కు. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలుంటాయి. రెండేసి చొప్పున నాలుగు జతలు. జతలో రెండూ ఒకే శ్రుతిలో ఉంటాయి. మీటితే ఖంగుమంటుంది కానీ ఆ మోత ఎంతోసేపు నిలవదు. అందుకే పాశ్చాత్యులు ఒకే స్వరాన్ని గబగబా మళ్లీమళ్లీ మీటుతారు. సినిమా పాటల్లో జలజలమని వినిపించే మాండలిన్ అదే. గమకానికి ఇది పనికిరాదు. ఒక్కసారి మీటి, ఆ నాదం ఆరిపోయేలోగా వేలు జారాలి. పైగా జత తీగల్ని పక్కకి లాగితే రెండూ సమానంగా లొంగవు. ఒకటి కాస్త ఎక్కువ, ఒకటి కాస్త తక్కువ. ఇంకేముంది, అపశ్రుతి!

పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఈ చిక్కుముడిని విప్పారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఆయన మాండలిన్‌నే పిల్లవాడు ఆరేళ్లప్పుడు చేతిలోకి తీసుకున్నాడు. కొడుకు చేతివాటం చూసి ఆ తండ్రి తన గురువు రుద్రరాజు సుబ్బరాజు దగ్గరే చేర్చారు. సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. చిత్రం ఏమిటంటే ఆయనకి మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, కుర్రాడు ఆ పాటని తీగల మీద వెతుక్కునేవాడు. గురువు వేళ్లని చూసి అనుకరించే వీల్లేదు, గొంతుని అందుకోవడమే దారి. తర్వాత ఆ వాద్యంలో వచ్చిన మార్పులన్నిటికీ మూలం ఇక్కడే ఉందనిపిస్తుంది. వాద్యాన్ని బట్టి సంగీతం నేర్చుకోలేదు, సంగీతాన్ని బట్టి వాద్యాన్ని మార్చుకున్నాడు.

మార్పులు మూడు. మొదటిది, మామూలు మాండలిన్ బదులు ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకోవడం. దాంతో ఒక్క మీటుకే నాదం నిలిచింది. రెండోది, జతలు తీసేసి ఒంటి తీగలు వేయడం. వేలు కింద ఒకే తీగ ఉంటే ఎటు లాగితే అటు వస్తుంది. మూడోది, నాలుగు తీగలకి తోడు అయిదోది చేర్చడం. మంద్రస్థాయి కోసం!

ఈ మూడోది వినడానికి చిన్నమాటే. కానీ కింది స్వరం పలికించడం తీగవాద్యాలన్నిటికీ పెద్ద పరీక్ష. లెక్క చూడండి. తీగ పొడవు, బిగువు మార్చకుండా స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించాలంటే అదే లోహంతో రెట్టింపు లావు తీగ కావాలి. ఇంకో స్థాయి దించాలంటే మళ్లీ రెట్టింపు. అలా లావెక్కినకొద్దీ తీగ తీగలా కాకుండా కడ్డీలా బిర్రబిగుసుకుపోతుంది. మోత మొద్దుబారుతుంది. అందుకే మధ్యలో సన్నతీగ పెట్టి, దాని చుట్టూ మరో తీగని ఒత్తుగా చుడతారు. బరువు పెరుగుతుంది, వంగే గుణం పోదు.

ఇక్కడే డబుల్ బాస్ కథ తెలుసుకోవాలి. పాత సినిమాల క్లబ్బు పాటల్లో ఒకాయన నిలబడి, తనకన్నా ఎత్తున్న వయొలిన్‌ లాంటిదాన్ని వేళ్లతో లాగుతుంటాడే... అదే. కింది స్వరాల కోసం వాళ్లు ఎంచుకున్న ఉపాయం పొడవు. వయొలిన్ తీగలో మోగే భాగం 33 సెంటీమీటర్లుంటే, దీనిది సుమారు 105. ఆ పొడవు వల్ల ఘోష వచ్చింది కానీ సోలో వాయించడం గగనమైంది. స్వరానికీ స్వరానికీ మధ్య చెయ్యి బారెడు దూరం పరుగెత్తాలి. లావు తీగలు నెమ్మదిగా స్పందిస్తాయి. గుంపులో ఆ గొంతు విడిగా వినపడదు కూడా.

ఇటలీలో 1821లో పుట్టిన జొవాన్ని బొత్తెసీని ఈ వాద్యాన్ని కోరి ఎంచుకోలేదు. మిలాన్ సంగీత కళాశాలలో ఉపకార వేతనాలు రెండే మిగిలాయి. ఒకటి బసూన్‌కి, ఒకటి డబుల్ బాస్‌కి. పేదింటి కుర్రాడు కొద్ది వారాల్లో బాస్ సాధన చేసి సీటు సంపాదించాడు! తర్వాత 1716లో తయారైన టెస్టోరె బాస్ మీద, మూడే తీగలతో, శ్రుతి పెంచి వాయించి యూరప్‌ని ఊపేశాడు. జనం ఆయన్ని డబుల్ బాస్ పగనీని అన్నారు. (1871లో కైరోలో వెర్ది ఒపేరా ‘ఐదా’ తొలి ప్రదర్శనకి సంగీత నిర్వహణ కూడా ఆయనదే!) ఆనాటి తీగలు పేగుతో చేసినవి. చెమ్మ తగిలితే శ్రుతి మారిపోయేది. ఇరవయ్యో శతాబ్దంలో ఉక్కు తీగలొచ్చి ఆ బాధ తగ్గించాయి.

ఇప్పటికీ సోలో బాస్ కళాకారులు చాలామంది మామూలుకన్నా ఒక స్వరం పైకి శ్రుతి చేసుకుంటారు. దానికి విడిగా సన్నని తీగలే అమ్ముతారు. వాద్యబృందం తీగల్నే పైకి బిగిస్తే వాద్యం మీద ఒత్తిడి పెరిగిపోతుంది, వేళ్లు నొప్పెడతాయి. సన్నతీగ వేస్తే కింది స్వరాల బరువు కొంత పోతుంది, పై స్వరాలు మాత్రం తేటగా వినిపిస్తాయి. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి మరి.

బొత్తెసీనిది ఒక దారి, పాలకొల్లు కుర్రాడిది దానికి పూర్తిగా ఎదురుదారి. అక్కడ కింది గొంతున్న వాద్యాన్ని పైకి తెచ్చారు. ఇక్కడ పైగొంతున్న బుల్లి వాద్యానికి కింది గొంతు ఇచ్చారు. అదీ పొడవు పెంచే వీల్లేని జానెడున్నర తీగ మీద! మన వీణకి ఈ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అని నాలుగు వాయించే తీగలు, పక్కన తాళానికి మూడు. లావు తీగలు లేని వీణ తానాన్ని ఊహించుకోండి! మాండలిన్‌కి ఆ లోటునే అయిదో తీగ తీర్చింది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి శ్రీనివాస్‌కి తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసులో వాయించాడు. పరాయి వాద్యం, పైగా కరెంటుది, దాని మీద త్యాగరాజ కీర్తనలా అని పెదవి విరిచినవాళ్లున్నారు. వాళ్లని తప్పుపట్టలేం. అంతకుముందు వాళ్లు విన్న మాండలిన్ జలజల శబ్దమే కదా! వాదించకుండా వాయించాడంతే. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవానికి పద్నాలుగేళ్లవాడిగా వెళ్లాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో దేశదేశాలు తిరిగారు. వేగం చూసి జనం చప్పట్లు కొట్టేవారు కానీ, విలంబంలో ఒక్క మీటుకి రాగం మొత్తం కదిలించడమే అసలు గొప్ప అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వేగం సాధనతో వస్తుంది. ఆ ఒక్క మీటుకి సాధనతోపాటు తీగ కూడా కలిసిరావాలి.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45 ఏళ్లకే శ్రీనివాస్ కన్నుమూశారు. తమ్ముడు యు.రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసుడే.

మీ ఇంట్లో పిల్లలు తీగవాద్యం నేర్చుకుంటుంటే కొన్ని సంగతులు. వాయించాక పొడిబట్టతో తీగ తుడవాలి, చేతి చెమటకి ఉక్కు తుప్పు పడుతుంది. పడమటి ప్రకాశం ఎండలకి తీగ సాగి శ్రుతి దిగుతుంది. చల్లబడ్డాక మళ్లీ ఎక్కుతుంది. కాబట్టి వాయించబోయే చోటే, కాసేపు ఆగి శ్రుతి చేసుకోవాలి. దుకాణంలో మాండలిన్ తీగలని అడిగితే జతలతో ఎనిమిది చేతిలో పెడతారు. నేర్చుకునేది కర్ణాటక సంగీతమైతే ఎన్ని తీగలు, ఏ లావువి కావాలో గురువుగారిని అడిగి, చీటీ రాయించుకుని మరీ వెళ్లండి.