టాల్ ఎక్కడ, హై ఎక్కడ?

ఇంగ్లిష్‌లో ఒకే అర్థం ఇస్తున్నట్టు కనిపించే విశేషణాలు రెండు మూడు ఎదురైనప్పుడు వాటిలో ఏది రాయాలన్న సందేహం కొత్తగా నేర్చుకునేవారినే కాదు, ఆ భాషలో ఏళ్ల తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపినవారిని కూడా వదిలిపెట్టదు. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు తెరిస్తే ‘టాల్’కూ ‘హై’కీ ఎత్తైన అన్న అర్థమే కనిపిస్తుంది, ‘స్ట్రాంగ్’కూ ‘పవర్‌ఫుల్’కూ బలమైన అన్న మాటే దొరుకుతుంది. అర్థం ఒకటే అయినప్పుడు ఏది వాడితేనేం అనిపించడం సహజమే గానీ, ఎంపికను చాలావరకు నిర్ణయించేది ఆ విశేషణం ఏ నామవాచకాన్ని వర్ణిస్తున్నదో ఆ పదం, అంటే వ్యాకరణం విశేష్యం అని పిలిచేది.

ఎత్తు చెప్పే ఆ రెండు మాటలనే కాస్త దగ్గరగా చూడవచ్చు. అడుగు నుంచి పైకి లేచి, వెడల్పు కన్నా నిలువు పొడుగు ఎక్కువగా ఉన్నవాటికి, అంటే మనిషికి, చెట్టుకు, జిరాఫీకి, గాజుగ్లాసుకు, ‘టాల్’ చెల్లుతుంది. కొండ, గోడ వంటి విశాలమైనవాటి ఎత్తు చెప్పడానికీ, ఒక వస్తువు నేల నుంచి ఎంత పైన ఉందో చెప్పడానికీ ‘హై’ పనికివస్తుంది. అందుకే మేఘం, అటక, ఇంటి పైకప్పు దాని పాలివి. ‘టాల్ విండో’ అంటే చట్రం నిలువునా పొడుగ్గా ఉన్న కిటికీ, అది నేలకు జానెడు ఎత్తు నుంచే మొదలు కావచ్చు. ‘హై విండో’ అంటే గోడలో చేతికి అందనంత పైన అమర్చిన కిటికీ, దాని చట్రం మూరెడే కావచ్చు. తెలుగులో ‘ఎత్తైన కిటికీ’ అన్నప్పుడు ఈ రెంటిలో ఏదో తేలదు కాబట్టి, తెలుగులో అనుకొని ఇంగ్లిష్‌లోకి మార్చుకునేవారు సరిగ్గా ఇక్కడే తడబడతారు. ఇక ధర, ఉష్ణోగ్రత, రక్తపోటు వంటి కంటికి కనిపించని కొలతలకు ‘హై’ తప్ప మరొకటి పొసగదు.

ఇన్ని దగ్గరి మాటలు ఒకే భాషలో పోగుపడటానికి చరిత్ర ఒక కారణం. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించిన తరువాత రాచకొలువులోనూ న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచి పెత్తనం సాగి, న్యాయస్థానాల వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని 1362లో చట్టం చేయవలసి వచ్చింది. ఆ పైన పునరుజ్జీవన కాలపు పండితులు లాటిన్, గ్రీకు పదాలను విరివిగా తెచ్చుకున్నారు. దాంతో రాజుకు సంబంధించిన అనే భావానికి సొంతమాట ‘కింగ్లీ’, ఫ్రెంచి నుంచి వచ్చిన ‘రాయల్’, లాటిన్ పోలికలున్న ‘రీగల్’ మూడూ నిలిచి, పనులు పంచుకున్నాయి: రాజకుటుంబాన్ని ‘రాయల్ ఫ్యామిలీ’ అనే అంటారు, ‘కింగ్లీ ఫ్యామిలీ’ అనరు, నడకలోనో నిలుచున్న తీరులోనో రాజసం కనిపిస్తే ‘రీగల్’ అంటారు. ఈ పంపకం తెలుగువారికి కొత్తేమీ కాదు. పండక్కి కొత్త బట్టలు కొంటారు, స్వామివారికి నూతన వస్త్రాలు సమర్పిస్తారు. అర్థం మారకపోయినా ‘నూతన బట్టలు’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే సంస్కృత విశేషణం తన వరుస విశేష్యాన్నే కోరుకుంటుంది.

ఇంగ్లిష్‌లో పర్యాయపదాల తేడాలను వివరించే ప్రయత్నం చాలా పాతది. హెస్టర్ లించ్ పియోత్సీ అనే రచయిత్రి 1794లో, జార్జ్ క్రాబ్ 1816లో ఇందుకోసమే పుస్తకాలు వెలువరించారు. అయితే 1852లో అచ్చయి లోకమంతా వ్యాపించిన థెసారస్‌ను కూర్చిన వైద్యుడు పీటర్ మార్క్ రోజే దారి వేరు: ఆయన పదాలను భావాల వారీగా గుంపులు కట్టారే గానీ ఒక మాటకూ దాని పక్కమాటకూ మధ్య తేడా చెప్పే పని పెట్టుకోలేదు. తెలిసిన మాటే సమయానికి గుర్తురాక తడుముకునేవారికి అది గొప్ప సాయం. మాటే తెలియనివారు అందులోంచి ఏదో ఒకటి ఏరుకుంటే వాక్యం చెడుతుంది.

పదాల జతల మీద శాస్త్రీయమైన దృష్టి 20వ శతాబ్దంలో నిలిచింది. లాహోర్‌లో ఆంగ్లాచార్యుడిగా పనిచేసి, తరువాతి కాలంలో గుజరాతీ, తెలుగు భాషలను కూడా పరిశీలించిన బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్, ఏ పదం ఏ పదంతో కలిసి అలవాటుగా వస్తుందన్న విషయం కూడా ఆ పదం అర్థంలో భాగమేనని ప్రతిపాదించారు; ఈ కలయికను ‘కొలొకేషన్’ అంటారు, తెలుగులో పదసాహచర్యం అనవచ్చు. ఆయన శిష్యుడు మైకేల్ హాలిడే చూపిన ఉదాహరణ ఇప్పటికీ తరగతి గదుల్లో వినిపిస్తుంది: వాదనకు ‘స్ట్రాంగ్’, ‘పవర్‌ఫుల్’ రెండూ నప్పుతాయి, తేనీటికి మొదటిదే నప్పుతుంది, కారుకు రెండోదే నప్పుతుంది. టీకొట్టు దగ్గర నిలబడి స్ట్రాంగ్‌గా ఒక టీ అడిగేవారు ఇంగ్లిష్ చదువుకోకపోయినా ‘పవర్‌ఫుల్ టీ’ అని పొరపాటున కూడా అనరు, కారణం ఆ మాటను వారు టీతో కలిపే నేర్చుకున్నారు. వానకు ‘హెవీ’, గాలికి ‘స్ట్రాంగ్’, పొగమంచుకు ‘థిక్’ అనడం వెనుక తర్కం వెతికినా పెద్దగా దొరకదు. చిక్కటి పాలు, ఒత్తైన జుట్టు, గాఢమైన నిద్ర అనే తెలుగువారికి ‘ఒత్తైన పాలు’ ఎందుకు తప్పో నియమం చెప్పడం కష్టమే, అయినా తప్పని వెంటనే తెలుస్తుంది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నేతృత్వంలో 1987లో వెలువడిన కోబిల్డ్ నిఘంటువు, వాడుకలోని రాతలనూ మాటలనూ కంప్యూటర్‌లో పెద్దయెత్తున పోగుచేసి, అలాంటి జతలను ఊహతో కాక ఆధారంతో చూపింది.

జత తప్పితే వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుంది, అంతే. మెప్పుకోలో ఈసడింపో మాటలో ఇమిడి ఉన్నప్పుడు మాత్రం ఎదుటివారి మనసే నొచ్చుకుంటుంది. సన్నగా ఉన్నవారిని ‘స్లిమ్’ అంటే ప్రశంస, ‘థిన్’ అంటే మామూలు వర్ణన, ‘స్కిన్నీ’ అంటే బక్కచిక్కారన్న ఎత్తిపొడుపు. పొదుపరి ‘థ్రిఫ్టీ’, పిసినారి ‘స్టింజీ’. తెలుగు చవకకూ చవకబారుకూ మధ్య గీత గీసింది. ఇంగ్లిష్‌లో ‘చీప్’ ఒక్కటే ఆ రెండింటినీ మోస్తుంది కాబట్టి, ఒకరిచ్చిన కానుక గురించి రాసేటప్పుడు ‘ఇనెక్స్‌పెన్సివ్’ అనడమే మర్యాద. సిఫారసు లేఖలో విద్యార్థి అమాయకత్వాన్ని మెచ్చుకోబోయి ‘చైల్డ్‌లైక్’ బదులు ‘చైల్డిష్’ అని రాస్తే, చదివే అధికారికి ఆ విద్యార్థి పిల్లచేష్టల మనిషిగా కనిపిస్తాడు. పోలిక వల్ల మోసం చేసే జంటలు వేరే ఉన్నాయి: దేశ ఆర్థిక విధానం ‘ఎకనామిక్’, తక్కువ పెట్రోలుతో నడిచే వాహనం ‘ఎకనామికల్’, చరిత్రలో నిలిచిపోయే తీర్పు ‘హిస్టారిక్’, చరిత్ర నేపథ్యంగా రాసిన నవల ‘హిస్టారికల్’. వీటికి మాత్రం నియమం ఉంది, ఒకసారి నేర్చుకుంటే చాలు.

పోటీ పరీక్షల కోసం పర్యాయపదాల పట్టికలు బట్టీ పట్టించడం వల్ల మార్కులు రావచ్చు గానీ వాక్యం రాయడం రాదు. కాబట్టి ఇంగ్లిష్ చెప్పే ఉపాధ్యాయులు పిల్లల నోటు పుస్తకాల్లో ‘హెవీ అంటే బరువైన’ అని ఒక్క మాటకు ఒక్క అర్థం రాయించడం మాని, ‘హెవీ రెయిన్’, ‘హెవీ ట్రాఫిక్’, ‘స్ట్రాంగ్ విండ్’ అని విశేషణాన్ని విశేష్యంతో కలిపి రాయించాలి. ఆ అలవాటు ఆరో తరగతి నుంచే మొదలు కావాలి.