పాత బండికి క్రొత్త చట్రము

మోటారు సంగతులు మగవారికి విడిచిపెట్టవలసినవని మనలో పెక్కుమంది తలంతురు. మేమును మొన్నటి వఱకు అట్లే తలచితిమి. 1944వ సంవత్సరమున తిరుమలకు మొదటి కనుమదారి తెఱచినది మొదలు ఈ సీమవారికి మోటారు బండి క్రొత్త వింత కాదు. కాని ఎక్కి దిగుటయే గాని దాని లోపలి కథ మన మడుగము.

మా వారి శిష్యుడొకడు రేణిగుంట త్రోవలో షెడ్డు పెట్టుకొని జీపులు బాగుచేయుచుండును. అతని తండ్రి విడిచిపోయిన డాడ్జి పికప్పు బండి యొకటి పాకాల ప్రాంతపు మామిడితోటలో చింతచెట్టు క్రింద 18 ఏండ్లు నిలిచియుండెను. తల్లి యేటేట ఆయుధపూజనాడు దానికి పసుపుకుంకుమలు పెట్టి చక్రము ముందు నిమ్మకాయ యుంచును. నిమ్మకాయ యెండిపోవుటయే గాని చక్రము కదలదు. ఆ బండిని మరల నడిపింపవలెనని కొడుకు పూనుకొన్నాడు. ఆమెయు మేమును ఇరుగుపొరుగున పెరిగినవారము గనుక ఆ పని చూడ రెండు మూడు మారులు పోయితిమి.

మోటారు బండికి అడుగున రెండు పొడవైన ఇనుప దూలములు, వానిని కలుపు అడ్డకమ్ములు నుండును. నిచ్చెనను నేలపై పఱచినట్లుండు దీనినే చట్రమందురు. ఇంజను, ఇరుసులు, చక్రములు దానికే తగిలియుండును. మనకు కనబడు ముక్కు, తలుపులు, వెనుకతొట్టి పైన కూర్చుండబెట్టిన తొడుగు మాత్రమే. 1917లో ఫోర్డు కంపెనీవారు టి.టి. యను లారీని తొడుగు లేకుండ వట్టి చట్రముగనే అమ్మిరి. కొన్నవారు తమకు వలసినట్లు పైభాగమును కట్టించుకొనిరి. నేటికిని మన యూళ్ల లారీలు పెక్కు ఆ తీరుననే తయారగుచున్నవి. తొట్టితో సహా పికప్పును కార్ఖానానుండియే ఫోర్డువారు అమ్మజూపినది 1925లో.

పాత బండిలో ఇంజను బలము వెనుక చక్రములకే పోవును. ముందు చక్రములు తోసినంత దూరము దొర్లును. వాన కురిసిన యెఱ్ఱమట్టి గట్టుపై వెనుక చక్రము జారెనా, ఇక బండి యచ్చటనే. నాలుగు చక్రములును లాగు బండిలో గేరుపెట్టె వెనుక మఱియొక చిన్నపెట్టె యుండి బలమును ముందునకును వెనుకకును పంచును. ముందు చక్రము తిరుగుచునే ప్రక్కలకు మళ్లవలెను గదా, అందుకు ఇరుసు కొసల ప్రత్యేకమైన కీళ్లుండవలెను. అమెరికాలో మార్మన్ హెరింగ్టన్ వారు 1935 నుండి ఫోర్డు లారీలకు ఇట్టి యమరిక చేసి యిచ్చుచుండిరట. ఇచ్చట అంత పని జరుగదు గనుక ఆ పిల్లవాడు సుళువు చూచుకొని, అన్ని చక్రములు లాగు క్రొత్త జీపు చట్రముపై పాత డాడ్జి తొడుగును కూర్చుండబెట్టదలచెను.

సుళువనుట నోటిమాట. ముందు ఇరుసుకు వెనుక ఇరుసుకు నడుమ దూరము రెంటికిని సరిపడలేదు. చట్రమును కోసి అతుకు వేయు వారున్నారు. బరువు మోయు దూలమున అతుకు పడిన చోటనే యేనాటికైన ముప్పని యతడొప్పుకొనలేదు. తొట్టినే మూరెడు కుదించినాడు. తల్లి ఆ కోసిన రేకును చేతితో తడవి చూచి మాటాడలేదు. తొడుగునకు చట్రమునకు నడుమ రబ్బరు దిండ్లేల యని మేమడిగితిమి. గతుకులలో చట్రము మెలివడుననియు, బిగియించి కట్టినచో రేకు చీలుననియు చెప్పినాడు. పచ్చడిజాడీ క్రింద మనము గుడ్డచుట్ట పెట్టుట జ్ఞాపకము వచ్చినది.

అసలు చిక్కు ఇనుములో లేదు, కాగితములో నున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టును ఆ మాటయే గట్టిపఱచినది. ఇక 50 ఏండ్లు దాటిన బండ్లకు 2021లో వేఱు నిబంధనలు వచ్చి, 'వి.ఏ.' యను అక్షరములతో ప్రత్యేకపు నంబరు నిచ్చుచున్నారు. అందుకు చట్రము, తొడుగు, ఇంజను మొదటి రూపము చెడక యుండవలెను. అనగా ఈ బండి పాతదియు గాదు, క్రొత్తదియు గాదు.

పాళీ గ్రంథమగు మిళిందప్రశ్నలో నాగసేనుడను భిక్షువు యవనరాజును ఇరుసు రథమా, చక్రము రథమా, నొగ రథమా యని నిలదీయును. రథ మెందున్నదో రాజు చెప్పలేకపోయెను. మన సర్కారు మాత్రము తడబడలేదు: నంబరు చెక్కిన చట్రమే బండి!

ఆ కారణమున దానిని రాచబాట కెక్కింపరాదని తల్లియే ఖండితముగ చెప్పినది. కాయలు దామలచెరువు మండీకి బాడుగ బండిలో పోవును. ఇది తోటలోని గట్టు మీదినుండి గేటు వఱకు బుట్టలు మోయును. పెద్దాయన బండి పేరుతో ఇతరుల ప్రాణము మీదికి తేవలదని ఆమె యభిప్రాయము. మాకు నది సరియే యని తోచినది.

మొదటిసారి గట్టెక్కిననాడు ఆమె యెక్కి కూర్చుండలేదు. చింతచెట్టు క్రింద గడ్డిలో పడియున్న పాత చట్రమువద్దకు పోయి నిలిచినది. కొడుకును పిలిచి, "ఆ నంబరుండే ఇనుమును మాత్రం తూకానికి యేయొద్దురా నాయనా" అన్నది.