సీసాలో సింహం, ఖజానాలో లెక్క

మత్తు పానీయాల నిషేధానికి ప్రభుత్వాలు కృషి చేయవలెనని రాజ్యాంగంలోని 47వ అధికరణం ఆదేశిస్తున్నది. మద్యంపై సుంకం విధించే అధికారాన్ని అదే రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్రాలకు అప్పగించింది. వస్తు సేవల పన్ను కోసం 2016లో 101వ సవరణ వచ్చినప్పుడు కూడా, మనుషులు సేవించే మద్యాన్ని రాష్ట్రాలు చేజారనివ్వలేదు. ఆదర్శానికీ ఆదాయానికీ నడుమ జరిగే ఈ పెనుగులాటలో ఒక పానీయం స్వభావమే మారిపోయింది. అది బీరు. నేడు దేశంలో అమ్ముడయ్యే బీరులో అత్యధిక భాగం 'స్ట్రాంగ్' ముద్ర గలదే. అనగా 5 శాతానికి మించి 8 శాతం వరకు మద్యసారం గలది.

అయితే గాఢమైన బీరు అంతా మోటుదేనా? కాదనడానికి పొరుగున ఉన్న శ్రీలంకయే సాక్ష్యం. తర్వాతి కాలంలో నైలు నది మూలాలను అన్వేషించి ప్రసిద్ధుడైన శామ్యూల్ బేకర్, 1849 ప్రాంతంలో నువారా ఎలియా కొండలపై బీరు కాచడం ప్రారంభించాడు. సముద్రమట్టానికి ఆరు వేల అడుగుల ఎత్తున, చల్లని గాలి, ఊట నీరు ఉన్న చోటు అది. ఆ పరంపరలో పుట్టిందే లయన్ స్టౌట్. కాలక్రమాన తయారీ కొలంబో సమీపంలోని బియగామకు దిగివచ్చింది. బీరుపై గ్రంథాలు రాసి పేరుపొందిన బ్రిటిష్ రచయిత మైకేల్ జాక్సన్ దీనిని మెచ్చుకొన్న తరువాత, దీని పేరు ద్వీపం దాటి వెళ్లింది. మద్యసారం 8.8 శాతం. మన స్ట్రాంగ్ బీర్ల కంటె ఎక్కువే.

దీన్ని చూడగానే తేడా తెలుస్తుంది. గాజు గ్లాసులో పోస్తే రంగు కాటుక నలుపు. వెలుగుకు పట్టి చూస్తే అంచున మాత్రం మాణిక్యపు ఛాయ. పైన లేత గోధుమరంగు నురుగు. వాసనలో మొదట వేయించిన కాఫీ గింజలు, ఆ వెనుక అడుగంటబోతున్న బెల్లపు పాకం, ఎండు ఖర్జూరం. నోట్లో చిక్కగా, తీయగా మొదలై, చివరకు చాక్లెట్ చేదుతో నాలుకను ఆరబెడుతుంది. గొంతు దిగిన తరువాతే వెచ్చదనం తెలుస్తుంది. ఇదంతా మాల్టు మహిమ. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, సరైన ఘడియలో వేడితో మొలకను ఆపుతారు. గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే శక్తి ఆ మొలకలో ఉన్నది. ఆ చక్కెరను ఈస్టు మద్యసారంగా మారుస్తుంది. మార్చక మిగిల్చినదే ఆ చిక్కదనం. కొంత మాల్టును నల్లబడేదాకా మాడిస్తే వచ్చేవే ఆ రంగు, ఆ చేదు. ఇట్టి బీరును మంచుగడ్డలా చల్లబరిస్తే నాలుక మొద్దుబారి ఇవేవీ తెలియవు. 10 నుంచి 13 డిగ్రీల వద్ద, గుక్కలు గుక్కలుగా కాక చప్పరిస్తూ తాగవలసిన వస్తువు ఇది.

మన స్ట్రాంగ్ బీరు కథ వేరు. మాల్టుకు తోడు బియ్యమో, మొక్కజొన్నో, చక్కెరో చేర్చి సత్తువ పెంచుతారు. సత్తువ పెరుగుతుంది కాని రుచి పలచబడుతుంది. ఆ లోటు కనబడకుండా వీలైనంత చల్లగా అందిస్తారు. ఇందులో తయారీదారుల అపరాధం కొంతే. చాలా రాష్ట్రాలలో సుంకం మద్యసారం పాళ్లను కాక సీసా పరిమాణాన్ని, ధరను చూసి పడుతుంది. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతమంటే 52 మిల్లీలీటర్ల మద్యసారం. 42.8 శాతం గల విస్కీ రెండు పెద్ద పెగ్గులలో ఉన్నదీ దాదాపు అంతే! 'బీరే కదా' అని సరిపెట్టుకొనే వారికి ఈ లెక్క ఎవరు చెప్పాలి? తేలిక బీరుకూ దీనికీ ధరలో తేడా స్వల్పమైనప్పుడు కూలివాడు దేనిని ఎంచుకొంటాడో ఊహించడం కష్టం కాదు.

రుచి ముచ్చట్లు తెలుగువారి ముందు చెప్పేటప్పుడు కొంత సంకోచం తప్పదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ స్త్రీల ఆగ్రహం రుచి మీద కాదు, కూలి డబ్బును మింగిన మత్తు మీద. చౌకగా మత్తును పెంచే సుంకపు విధానం వారి ఫిర్యాదుకు మరింత బలమే చేకూరుస్తుంది. ఖజానాకు మద్యం రుచి ఈనాటిది కాదనుకోండి. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సురాధ్యక్షునికి ఒక అధ్యాయమే కేటాయించాడు.

పన్నును మద్యసారం పాళ్లకు ముడిపెట్టడం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్ 2023 ఆగస్టులో మద్యాలన్నిటికీ ఆ పద్ధతినే వర్తింపజేసింది. మన దేశంలోనూ కొన్ని రాష్ట్రాలు తేలిక, గాఢ బీర్లకు వేర్వేరు రేట్లు పెట్టాయి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు, ఢిల్లీ అనుమతీ అక్కరలేదు. హైదరాబాదులోనో, అమరావతిలోనో ఎక్సైజు నియమాలను మార్చుకొంటే సరిపోతుంది.