96 టీఎంసీలు ఎక్కడికి పోయాయి?

"నాగార్జునసాగర్ నిండితే 408 టీఎంసీలని బళ్లో చదువుకున్నాం. ఇప్పుడు 590 అడుగులూ నిండినా పేపర్లో 312 అనే వేస్తున్నారు. మిగతా 96 ఏమయ్యాయి?" అని పల్నాడు నుంచి ఒక రైతు అడిగారు. ఇంత చక్కటి ప్రశ్న వచ్చాక ఇంకో విషయం రాయబుద్ధి కాలేదు.

జలాశయంలో నీళ్లను ఎవరూ నేరుగా కొలవరు. కొలిచేది మట్టాన్నే. అలలు లేచినప్పుడు గోడ మీది గీతల దగ్గర నీళ్లు జానెడు పైకీ కిందికీ ఆడతాయి. అందుకే చాలాచోట్ల అడుగున సన్నటి కన్నమున్న నిలువు గొట్టంలో మట్టం చూస్తారు. ఆ కన్నంలోంచి అల దూరలేదు కాబట్టి లోపలి నీళ్లు నిలకడగా ఉంటాయి.

అంత జాగ్రత్త ఎందుకంటే సాగర్ మూకుడు లాంటిది, పైకి పోయేకొద్దీ వెడల్పు. నిండినప్పుడు నీళ్లు సుమారు 285 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటాయి. అక్కడ ఒక్క అడుగంటే మూడు టీఎంసీలు. అంగుళం తప్పు చదివితే 700 కోట్ల లీటర్ల పైచిలుకు తేడా! అదే 510 అడుగుల దగ్గరైతే అడుగుకు రెండు టీఎంసీలు కూడా రావు. ఏ మట్టానికి ఎన్ని టీఎంసీలో చెప్పే పట్టిక ఇంజనీర్ల దగ్గర ఉంటుంది. పేపర్లో కనిపించే అంకె ఆ పట్టికలోంచి వచ్చిందే.

మరి మూకుడు అడుగే మారిపోతే? పాతతరం ఇంజనీర్లు పొరబడింది ఇక్కడే. ఒండ్రు అంతా అట్టడుగుకు చేరుతుందని, దానికోసం కింద కొంత చోటు వదిలితే చాలని లెక్క వేశారు. కానీ నది జలాశయంలోకి అడుగుపెట్టగానే వడి తగ్గుతుంది. బరువైన ఇసుక అక్కడే, పై మట్టాల్లోనే దిగబడుతుంది. సన్నటి మట్టి మాత్రమే డ్యామ్ దాకా వస్తుంది. అంటే కాలవలకు అందాల్సిన నీళ్ల చోటునే పూడిక ఆక్రమిస్తుంది. ఎగువన శ్రీశైలానిదీ ఇదే కథ. ఒకప్పుడు 308 టీఎంసీలు, ఇప్పుడు 215.

ఈ పూడికను పట్టిచ్చేది శబ్దం. పడవ మీంచి కిందికి ధ్వని పంపుతారు. నీళ్లలో అది సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. 60 మీటర్ల లోతు తాకి తిరిగి రావడానికి సెకనులో పన్నెండో వంతు కూడా పట్టదు. పడవ వరస వెంట వరసగా, దుక్కి దున్నినట్టు తిరిగితే అడుగు ఆకారం బయటపడుతుంది, కొత్త పట్టిక తయారవుతుంది.

ఆ రైతు అడిగిన 96 టీఎంసీలంటే పది జూరాల ప్రాజెక్టులంత. వాటి చోటులో ఎక్కువగా కూర్చున్నది ఎగువ నుంచి కొట్టుకొచ్చిన మట్టే.

2023 నవంబరు చివర నీళ్ల కోసం సాగర్ డ్యామ్ మీద తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. గేట్ల కోసం అంత పట్టుదల ఉన్న మనకు, కొన్నేళ్లకోసారి కలిసి పడవెక్కి అడుగు కొలిచే ఓపిక ఎందుకు లేదు? ఎన్ని నీళ్లున్నాయో ఒప్పుకోకుండా వాటాలు తేలవు. ఇకనుంచి పేపర్లో టీఎంసీల అంకె కనిపిస్తే, ఆ పట్టిక ఏ ఏటిదో కూడా అడగండి.