‘నాన్న అనలాగ్స్ మానేశారు అన్నయ్యా!’

వేప్ చేసేవాళ్లు మామూలు సిగరెట్‌కు పెట్టుకున్న పేర్లు చాలానే ఉన్నాయి. విన్నవారికి సరదాగానే ఉంటాయి. కానీ ఆ మాట అర్థంకాక ఓ డాక్టరే పొరపడితే? జరిగింది నా విషయంలోనే.

రాత్రి పదకొండు దాటాక అమెరికా నుంచి ఫోన్. చేసింది మా ఊరి మాస్టారి అబ్బాయి. ‘అన్నయ్యా, నాన్నకు నాలుగు రోజులుగా ఒకటే వికారం. రెండుసార్లు వాంతి అయ్యింది. చేతులు వణుకుతున్నాయంటున్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు’ అన్నాడు కంగారుగా. మాస్టారికి అరవై రెండేళ్లు. దాదాపు 35 ఏళ్లు రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చారు. ఫలితంగా ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు బిగుసుకుపోయే సీవోపీడీ పట్టుకుంది. ఇన్‌హేలర్‌తో పాటు థియోఫిలిన్ మాత్ర వేసుకుంటారు. కొడుకు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆర్నెల్లకు సరిపడా మందులు రాసిచ్చింది నేనే.

మందులేమైనా మారాయా అంటే లేదన్నాడు. తిండి మారిందా అంటే అదీ లేదన్నాడు. ‘కొత్తగా ఏం లేదన్నయ్యా. మంచి మాట ఒకటుంది.. నాన్న అనలాగ్స్ మానేసి పది రోజులైంది’ అన్నాడు సంతోషంగా. మా వైద్యుల భాషలో అనలాగ్ అంటే ఇన్సులిన్‌లో ఓ రకం. మాస్టారికి మధుమేహమే లేదాయె! అదేమిటని అడగటానికి మొహమాటపడ్డాను. ‘సరే, మంచిదేగా’ అనేసి, గ్యాస్ సమస్య కావచ్చని ఓ మాత్ర చెప్పి ఫోన్ పెట్టేశాను.

రెండు రోజుల తర్వాత మాస్టారిని అక్కడి ఆసుపత్రిలో ఎమర్జెన్సీకి తీసుకెళ్లాల్సి వచ్చింది. గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటోంది. రక్తంలో థియోఫిలిన్ ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువగా ఉంది. ఇంకా ఆలస్యమైతే ఫిట్స్ వచ్చే ప్రమాదముండేది. సకాలంలో చికిత్స అందింది కాబట్టి గండం గడిచింది. అనలాగ్స్ అంటే మామూలు సిగరెట్లని నాకు అప్పుడు తెలిసింది. కొడుకు ఆయనతో సిగరెట్లు మాన్పించి, వేప్ చేతికిచ్చాడు. అంతా మంచికే చేశాడు. ఆ ఒక్క మాటను నేను సరిగా అడిగి ఉంటే, మాత్ర మోతాదు ఆ రాత్రే తగ్గించి ఉండేవాణ్ని.

వాళ్ల అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

సిగరెట్ మానితే మందు ఎందుకు ఎక్కువైంది?

మనం మింగిన థియోఫిలిన్‌ను విరిచి బయటకు పంపే పని కాలేయంలోని ఓ ఎంజైముది. సిగరెట్ కాలినప్పుడు పుట్టే తారులోని రసాయనాలు ఈ ఎంజైమును రెచ్చగొడతాయి. అందుకే పొగ తాగేవారిలో ఈ మందు త్వరత్వరగా ఖర్చయిపోతుంది, మోతాదు కాస్త ఎక్కువే కావాల్సి వస్తుంది. సిగరెట్ ఆపేస్తే సుమారు వారంలోపే ఎంజైము జోరు తగ్గిపోతుంది. పాత మోతాదే వేసుకుంటుంటే మందు ఒంట్లో పేరుకుపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది మరోటుంది. ఎంజైమును రెచ్చగొట్టేది పొగే గానీ నికొటిన్ కాదు. కాబట్టి వేప్‌లో నికొటిన్ ఉన్నా, నికొటిన్ గమ్ నమిలినా మందు విషయంలో సిగరెట్ మానేసినట్టే లెక్క. మానసిక సమస్యలకు ఇచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్ మందులకూ ఇదే వర్తిస్తుంది. చివరికి కాఫీకి కూడా! సిగరెట్ మానిన కొత్తలో రోజూ తాగే నాలుగు కప్పుల కాఫీకే గుండె దడ, నిద్రలేమి వేధించటానికి ఇదీ ఒక కారణమే.

దీనర్థం సిగరెట్ మానొద్దని కాదు. తప్పకుండా మానాలి. కాకపోతే మానే ముందు డాక్టర్‌కు చెప్పాలి. అంతేగానీ భయపడి మందులు సొంతంగా ఆపెయ్యకూడదు.

ఏ మాటకు ఏ అర్థం?

ఇప్పటి ఈ-సిగరెట్‌కు రూపమిచ్చింది చైనాకు చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్. 2003లో. ఆయన స్వయంగా సిగరెట్లు తాగేవారు, తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లకే అది యూరప్, అమెరికాలకు పాకింది. 2014లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వాళ్లు ‘వేప్’ను ఆ ఏటి మేటి పదంగా ఎంచుకున్నారు. కొత్త అలవాటుతో పాటు కొత్త భాషా పుట్టుకొచ్చింది. విదేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల నోటా అవే మాటలు వినిపిస్తున్నాయి.

• అనలాగ్: ఎలక్ట్రానిక్ కానిది, అంటే నిప్పుతో వెలిగించే మామూలు సిగరెట్. బ్రాయిలర్ వచ్చాకే కదా మన పెరటి కోడి నాటుకోడి అయ్యింది! ఇదీ అలాంటిదే.

• స్టింకీ: కంపు కొట్టేది. సిగరెట్ మానితే కొద్ది రోజుల్లోనే వాసన పసిగట్టే శక్తి మెరుగుపడటం మొదలవుతుంది. అప్పుడు ఒకప్పటి తమ సిగరెట్ వాసనే భరించలేనిదిగా తోస్తుంది. ఆ అనుభవంలోంచి వచ్చిన మాట.

• క్యాన్సర్ స్టిక్, కాఫిన్ నెయిల్: క్యాన్సర్ పుల్ల, శవపేటిక మేకు. వేప్ రాకముందు నుంచీ ఉన్న వెటకారాలే. రెండోది 19వ శతాబ్దం నాటిది.

• ఫ్యాగ్, డార్ట్, డ్యూరీ: మొదటిది బ్రిటన్‌లో, రెండోది కెనడా, ఆస్ట్రేలియాల్లో, మూడోది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో సిగరెట్‌కు వాడుక పేర్లు. అయితే ఫ్యాగ్ అన్నది అమెరికాలో స్వలింగ సంపర్కులను కించపరిచే తిట్టు. అక్కడ వాడకూడదు.

• లూసీ: అమెరికాలో విడిగా అమ్మే ఒక్క సిగరెట్. మన కిళ్లీకొట్లో ‘లూజు’ అన్నట్టే.

మనకూ తక్కువేం లేవు. దమ్ము కొట్టటం ఎప్పటి నుంచో ఉంది. కుర్రాళ్ల హాస్టళ్లలో హిందీ నుంచి వచ్చిన ‘సుట్టా’ వినిపిస్తూనే ఉంటుంది.

పేర్లలో దాగిన చిక్కు

ఈ మాటల్లో కొంత నిజముంది. సిగరెట్ పొగలో 7 వేలకు పైగా రసాయనాలుంటాయి, వాటిలో 70 దాకా క్యాన్సర్ కారకాలు. దాన్ని క్యాన్సర్ పుల్ల అంటే తప్పేమీ కాదు. పైగా ఏవగింపు పుట్టించే పేరు పెట్టుకోవటం మళ్లీ దాని జోలికి పోకుండా కొందరికి సాయం చేస్తుంది కూడా.

కానీ అటువైపు చూడండి. వేప్‌లో పోసే ద్రవాన్ని ‘జ్యూస్’ అంటారు. వదిలే ఆవిరిని ‘క్లౌడ్’ అంటారు. అంటే మబ్బు! రుచులేమో మామిడి, పుదీనా, స్ట్రాబెర్రీ. చెడంతా సిగరెట్ పేరులోకి వెళ్లిపోయింది, తియ్యదనమంతా వేప్‌కు మిగిలింది. నిజానికి ఆ మబ్బులో ఉన్నది ఉత్త నీటి ఆవిరి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచుల రసాయనాలు, నికొటిన్ ఉంటాయి. తీగ చుట్ట బాగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. నికెల్, క్రోమియం, సీసం వంటి లోహాలూ కొద్ది మోతాదులో చేరతాయి.

మరి వేప్ సిగరెట్ కన్నా నయమా, కాదా? ఎవరికి అన్నదే ప్రశ్న. ఏళ్ల తరబడి సిగరెట్లు కాలుస్తున్న వ్యక్తి పూర్తిగా వేప్‌కు మారితే తారు, కార్బన్ మోనాక్సైడ్ తప్పుతాయి. హాని తగ్గుతుంది. అందుకే బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవలే దీన్నో సాధనంగా సూచిస్తున్నాయి. అక్కడ 886 మందిపై చేసిన ఓ అధ్యయనం 2019లో వెలువడింది. ఏడాది తర్వాత చూస్తే వేప్ వాడినవారిలో 18 శాతం, గమ్, ప్యాచ్ వంటివి వాడినవారిలో 9.9 శాతం సిగరెట్ మానగలిగారు. కానీ మానినవారిలో వేప్ వర్గంలో 80 శాతం మంది అప్పటికీ వేప్ పీలుస్తూనే ఉన్నారు. రెండో వర్గంలో ఇంకా గమ్, ప్యాచ్ వాడుతున్నవారు 9 శాతమే. ఒక తాడు విప్పుకొని మరో తాడు కట్టుకున్నట్టయ్యింది.

అసలు ఏ అలవాటూ లేని పదహారేళ్ల కుర్రాడి విషయం వేరు. అతనికి తగ్గే హాని ఏదీ లేదు, కొత్తగా వచ్చేదే అంతా. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల దాకా సాగుతుంది. ఆ వయసులో నికొటిన్ త్వరగా బానిసను చేసుకుంటుంది.

‘వారానికి ఒకటో రెండో అనలాగ్స్ అంతే!’

ఓపీలో యువకుల నుంచి ఈ మధ్య వింటున్న మాట ఇది. పగలు వేప్, పార్టీల్లో సిగరెట్. మొత్తం మీద సిగరెట్ మానేసినట్టే లెక్కేసుకుంటారు. అలా మొదలైంది ‘రోజుకు ఒక్కటి’ దగ్గర ఆగిందనుకుందాం. గుండె మాత్రం అలా లెక్కేసుకోదు. ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించి 2018లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం.. రోజుకు 20 సిగరెట్లు తాగేవారికి గుండె జబ్బు ముప్పు ఎంత అదనంగా ఉంటుందో, రోజుకు ఒక్కటి తాగేవారికీ అందులో దాదాపు సగం ఉంటుంది. ఇరవయ్యో వంతు కాదు, సగం! కాబట్టి అనలాగ్ ఒక్కటైనా అది సిగరెట్టే.

మన దగ్గర సంగతేంటి?

మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలను 2019లో చట్టం చేసి నిషేధించారు. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి ఇక్కడ దొరికేదంతా దొంగచాటు సరుకే. అందులో నికొటిన్ ఎంతుందో, ఇంకేం కలిపారో చెప్పే నాథుడుండడు. ఇది ఉత్తుత్తి భయం కాదు. అమెరికాలో 2019లో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలవటమో, చనిపోవటమో జరిగింది. మృతులు 68 మంది. గంజాయి మత్తు పదార్థముండే ద్రవాల్లో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ ఇందుకు ప్రధాన కారణమని తేలింది. వాటిలో చాలావరకు దుకాణాల్లో కొన్నవి కావు, చేతులు మారి వచ్చినవే.

మీ అబ్బాయి బ్యాగులో పెన్‌డ్రైవ్‌లా, హైలైటర్ పెన్నులా ఉండి పండ్ల వాసనొచ్చే వస్తువు కనబడితే కేకలు వెయ్యకండి. ‘ఇందులో నికొటిన్ ఎంతుందో నీకు తెలుసా నాన్నా?’ అని అడిగి చూడండి. తిట్టుతో తలుపు మూసుకుంటుంది, ప్రశ్నతో తెరచుకునే అవకాశముంటుంది.

మానటానికి దారులున్నాయి

• నికొటిన్ గమ్: 2 మిల్లీగ్రాములవి మందుల దుకాణాల్లో దొరుకుతాయి. చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలకూడదు. కాస్త నమిలి, నాలుక చుర్రుమనగానే చిగురుకూ బుగ్గకూ మధ్య ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి.

• మందులు: బుప్రోపియాన్, వెరెనిక్లిన్ వంటివి డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి.

• సలహా: జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

• డాక్టర్‌కు చెప్పాల్సినవి: ఏం పీలుస్తున్నారు, రోజుకెన్ని, ఎన్నేళ్లుగా, ఎప్పుడు మానారు, దాని బదులు ఏం మొదలుపెట్టారు. ఉబ్బసం, సీవోపీడీ, మానసిక సమస్యల మందులు వాడుతుంటే ఇది మరీ ముఖ్యం.

ప్రశ్న మార్చుకున్నాను

నిజానికి ఈ పాఠం నేను ఎప్పుడో నేర్చుకుని ఉండాల్సింది. విశాఖలో చదువుకునే రోజుల్లో శ్రీకాకుళం పల్లెల నుంచి పెద్దవయసు ఆడవాళ్లు నోట్లో పుండ్లతో వచ్చేవారు. ‘సిగరెట్, బీడీ తాగుతావా అమ్మా?’ అంటే ‘నేదు బాబూ’ అనేవారు. అబద్ధం కాదది. వాళ్లు తాగేది అడ్డపొగ.. చుట్ట నిప్పుకొనను నోట్లో పెట్టుకొని పీల్చటం. అంగిలి చూస్తే గానీ అసలు సంగతి బయటపడేది కాదు. మనకు తెలిసిన మాటతో అడిగితే మనకు తెలిసిన జవాబే వస్తుంది.

ఇప్పుడు ఓపీలో ‘సిగరెట్ తాగుతారా?’ అని అడగటం మానేశాను. ‘నోటితో పీల్చేది, నమిలేది, దవడన పెట్టుకునేది.. పేరేదైనా సరే, ఏమైనా ఉందా?’ అంటున్నాను. అర్థంకాని మాట వినబడితే మొహమాటం లేకుండా ‘అంటే ఏంటి బాబూ?’ అని అడుగుతున్నాను.

మాస్టారు మొన్న సంక్రాంతికి ముందే తిరిగొచ్చారు. వేప్ అక్కడే వదిలేసి, ఇక్కడ గమ్‌తో నెట్టుకొస్తున్నారు. థియోఫిలిన్ ఆపేశాం, ఇన్‌హేలర్‌తోనే ఆయాసం అదుపులో ఉంది. కాఫీ రెండు కప్పులకు తగ్గించారు. ‘నలభై ఏళ్లు పిల్లలకు అర్థంకాకపోతే అడగండిరా అని చెప్పాను. నువ్వు నా క్లాసులోనే ఉన్నావు కదయ్యా!’ అన్నారు నవ్వుతూ. తల దించుకోవటం తప్ప నేనేమీ అనలేకపోయాను.